శుక్రవారం ఆఫీసయ్యాక సర్దుకుని క్యాంపింగ్‌కి ఎంతసేపట్లో బయల్దేరొచ్చు?

మీరు అడిగింది ఇదీ: ఉన్నట్టుండి అనుకుంటే ఎంతసేపట్లో సర్దుకుని క్యాంపింగ్‌కి బయల్దేరగలరు, మాకు మూడు గంటలు పడుతోంది, అందరికీ ఇంతేనా అని.

నేనొక్కణ్నే అయితే ముప్పావుగంట. పిల్లలతో సహా కదిలితే గంటన్నర. మీ మూడు గంటల్లో నిజంగా సర్దేది గంట కూడా ఉండదని నా అనుమానం. మిగతాదంతా వెతుకులాటే. టెంటు అటక మీద, మేకులు బాల్కనీలో, టార్చి ఎవరి గదిలోనో, దాని బ్యాటరీలు టీవీ రిమోట్‌లో.

మేముండేది హైదరాబాద్‌లో. ఎక్కువగా వెళ్లేది వికారాబాద్ వైపు, అనంతగిరి కొండలు, కోట్‌పల్లి ప్రాజెక్టు చుట్టుపక్కల. చలికాలంలో వీలైతే గండికోట. ఎక్కడికైనా సామాను దాదాపు ఒకటే కాబట్టి అదంతా మూత గట్టిగా బిగిసే ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉంటుంది. టెంటు, కింద పరిచే టార్పాలిన్, మేకులు, చిన్న సుత్తి, నైలాన్ తాడు, హెడ్‌ల్యాంపులు, స్టవ్వు, రెండు గిన్నెలు, పట్టకారు, చాకు, అగ్గిపెట్టెలు, ఓడోమాస్, మందుల డబ్బా. ఇంట్లో పట్టకారు కనబడకపోయినా సరే, ఈ టబ్బులోది తియ్యకూడదు. మా ఇంట్లో ఇంత కచ్చితంగా అమలయ్యే రూలు ఇంకోటి లేదు. హెడ్‌ల్యాంపుల్లో బ్యాటరీలు వదిలేస్తే కారి, లోపల పచ్చగా తుప్పు పడుతుంది. అందుకని తీసి చిన్న జిప్ కవర్లో వేసి, ఆ కవర్‌ని ల్యాంపు పట్టీకే కడతాం.

అసలు సర్దడం తిరిగొచ్చిన రోజే అయిపోవాలి. ఆదివారం సాయంత్రం ఒళ్లు హూనమై వచ్చి ఉంటాం, అయినా ఆ గంట ఓపిక పట్టాల్సిందే. టెంటుని మేడమీద దండెం మీద వేసి, జిప్పులన్నీ తీసి, తిరగేసి ఆరబెట్టాలి. పైకి పొడిగా అనిపిస్తుంది గానీ అడుగు కుట్ల దగ్గర, మూలల్లో తడి ఉంటుంది, వేళ్లతో తడిమి చూడాలి. మంచు తడితోనే మడిచి పెడితే బూజు వాసన పట్టడమే కాదు, నీళ్లు దిగకుండా లోపల వేసిన పూత కొన్నాళ్లకి జిగటగా మారి పొరలు పొరలుగా ఊడొస్తుంది. ఇక ఆ టెంటు వానకి పనికిరాదు. స్లీపింగ్ బ్యాగుల్ని మాత్రం టబ్బులో కుక్కకండి. ఎప్పుడూ నొక్కి ఉంచితే లోపలి దూది అణిగిపోయి వెచ్చదనం పోతుంది. పాత దిండు గలీబుల్లో వదులుగా వేసి బీరువా పైన పెడితే చాలు. ఖర్చైనవాటిని, అంటే గ్యాస్, అగ్గిపెట్టెలు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆ రాత్రే ఫోన్‌లో రాసుకుని వారంలో కొనేస్తాం. శుక్రవారం సాయంత్రం కొట్టుకి పరిగెత్తే పని ఉండదు.

తర్వాత ఎక్కువ టైం తినేది వంట. ఇక్కడ ఉప్మాకి మా అత్తగారి ఉపాయం ఒకటి చెప్తాను. బొంబాయి రవ్వని సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయిస్తారు. విడిగా నూనెలో శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, జీడిపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు కరకరలాడేదాకా వేయించి, ఉప్పు, ఇంగువ చేర్చి రవ్వలో కలిపేస్తారు. చల్లారాక డబ్బాకి ఎత్తుతారు. పచ్చిమిర్చి, ఉల్లిపాయ, అల్లం వెయ్యరు, వాటి తడికి నిలవుండదు. గాలి చొరని డబ్బాలో రెండు మూడు వారాలు బాగుంటుంది. అక్కడ చెయ్యాల్సిందల్లా గ్లాసు రవ్వకి రెండున్నర గ్లాసుల నీళ్లు మరిగించి పోసి, కలిపి, మూత పెట్టడమే. పొద్దున్నే చలికి వణుకుతూ ఉల్లిపాయలు తరిగే గొడవ లేదు. మొదటి పూటకి పులిహోర. పులుసు ముద్ద ఫ్రిజ్‌లో ఎప్పుడూ ఉంటుంది. కుక్కర్ పెట్టి బట్టలు సర్దుకునే లోపు అన్నం అయిపోతుంది.

మంది ఎక్కువైతే మాత్రం లెక్క తప్పుతుంది. రెండు కుటుంబాలు కలిశాయంటే సర్దడం ఎంత తొందరగా అయినా ఉపయోగం లేదు, ఎవరో ఒకరు ‘ఐదు నిమిషాలు’ అంటూనే ఉంటారు. నేనైతే ఎవరి కారు వాళ్లది, అక్కడే కలుద్దాం అంటాను.

ఇంకోటి, ఎంతసేపట్లో సర్దుతాం అన్నదానికంటే ఎన్నింటికి చేరతాం అన్నది చూడండి. డిసెంబర్‌లో ఇక్కడ ఐదూ ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. శుక్రవారం ఆరింటికి ఇల్లు కదిలి, సిటీ ట్రాఫిక్ దాటి, చేవెళ్ల రోడ్డెక్కి, వికారాబాద్ చేరేసరికి చిమ్మచీకటి. కొత్త చోట టార్చి వెలుగులో టెంటు వెయ్యడం కన్నా ఇంట్లో పడుకోవడం నయం. మేము శుక్రవారం రాత్రే అన్నీ కారులో పెట్టేసి, శనివారం తెల్లవారుజామున బయల్దేరతాం. ఎందుకైనా మంచిదని చెప్తున్నా, శనివారం రాహుకాలం తొమ్మిది నుంచి పదిన్నర. ఇంట్లో పెద్దవాళ్లుంటే తొమ్మిది దాటిందా, గంటన్నర పోయినట్టే. నాకు పట్టింపు లేదు గానీ, మా అమ్మ గుమ్మంలో నిలబడి గడియారం చూస్తుంటే సామాను దానంతటదే తొందరగా సర్దుకుంటుంది!

చోటుని బట్టి కొంచెం మారుతుంది. గండికోటలో పెన్నా లోయ అంచున అంతా రాతిబండలే, మేకు దిగదు. మేకులు లేకుండా నిలబడే రకం టెంటు, రాళ్లకి కట్టడానికి అదనంగా తాడు కావాలి. రాత్రి గాలి కూడా గట్టిగానే వీస్తుంది, కట్టకుండా వదిలేయొద్దు. లంబసింగి వైపైతే దుప్పట్లు, స్వెటర్లు, మంకీ క్యాపులతో ఇంకో సంచి తయారవుతుంది. అక్కడికి తునిలోనో అనకాపల్లిలోనో రైలు దిగి వెళ్లేవాళ్లు స్టవ్వు గ్యాస్ ఇంట్లోనే వదిలెయ్యాలి. రైల్లో గ్యాస్, కిరోసిన్, పెట్రోలు లాంటివి తీసుకెళ్లడం నేరం. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నల్లమలలో పులుల అభయారణ్యం పరిధిలో ఎక్కడ పడితే అక్కడ టెంటు వేస్తామంటే అటవీశాఖ వాళ్లు ఒప్పుకోరు. అక్కడికి గంటలో సర్దుకుని పోవడం కుదిరే పని కాదు, అనుమతీ బసా ముందే చూసుకోవాలి.

మీకింకా సొంత సామాను పెద్దగా లేకపోతే తొందరపడి కొనకండి. గండికోట, వికారాబాద్ రెండు చోట్లా టెంట్లు అద్దెకిస్తారు, పరుపూ దుప్పటీ కూడా వాళ్లవే. వెళ్లేముందు ఫోన్ చేసి దుప్పట్లు ఉతికినవేనా అని మాత్రం అడగండి. అప్పుడు మీరు సర్దుకోవాల్సింది రెండు జతల బట్టలు, టార్చి, మందులు, ఒక మంచినీళ్ల క్యాను. పావుగంటలో బయటపడొచ్చు.