15 ఏళ్లకి ఫిగర్ స్కేటింగ్ మొదలుపెడితే ఎంతదాకా వెళ్లగలం? నా అనుభవం

నీ ప్రశ్న రెండుసార్లు చదివా చెల్లీ. డాలస్ దగ్గర ఉంటున్నావ్, 15 ఏళ్లు, ఫ్రెండ్ బర్త్‌డేకి రింక్‌కి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదు, మీ నాన్నగారేమో "ఇప్పుడు మొదలుపెట్టి ఏం సాధిస్తావ్" అంటున్నారు, ఒలింపిక్స్ కాకపోయినా కనీసం డబుల్ జంప్స్ (గాల్లో రెండు చుట్లు తిరిగేవి) దాకా వెళ్లగలనా, ఏ టార్గెట్ పెట్టుకోవాలి అని అడిగావ్. నేను 16కి మొదలుపెట్టా, అదీ మీ చుట్టుపక్కలే, ఇప్పుడు నాకు 27, కాబట్టి విన్న కబుర్లు కాకుండా పడిన దెబ్బల లెక్కే చెప్తా.

ముందు చేదు మాట అయిపోగొడదాం. ఒలింపిక్స్ రాదు. "ప్రయత్నిస్తే ఏదైనా సాధ్యమే" అని కింద ఎవరో ఒకరు రాస్తారు, వాళ్లకి అమెరికన్ స్కేటర్ జానీ వీర్ గుర్తొస్తాడు, పదకొండు పన్నెండేళ్లకి మొదలుపెట్టి 2001లో వరల్డ్ జూనియర్ ఛాంపియన్ అయ్యాడు కదా అని. నిజమే, కానీ అందరూ ఇన్నేళ్లుగా ఆ ఒక్క పేరే చెప్తున్నారంటే అలాంటివాళ్లు ఎంత అరుదో నువ్వే ఆలోచించు, పైగా ఆయన కూడా నీకంటే మూడు నాలుగేళ్లు ముందే ఐస్ ఎక్కాడు. ఇంకొకరు ఇంకో అమెరికన్ స్కేటర్ అలీసా లియు పేరెత్తుతారు, 16కి మానేసి మళ్లీ వచ్చి 2025లో బోస్టన్‌లో వరల్డ్ ఛాంపియన్ అయింది అని. ఆ అమ్మాయి ఐదేళ్లకి మొదలుపెట్టింది, మానేసేనాటికే ట్రిపుల్ యాక్సెల్స్, అంటే మూడున్నర చుట్ల జంపులు, వేసేసింది, ఆ కథకీ మన కథకీ సంబంధం లేదు. 2022లో ఐఎస్‌యూ (అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం) వాళ్లు సీనియర్స్ కనీస వయసు 15 నుంచి 17కి పెంచుతామన్నప్పుడు నేను కూడా ఒక్క క్షణం సంబరపడ్డా, తర్వాత అర్థమైంది అది పదమూడేళ్లకే క్వాడ్‌లు (నాలుగు చుట్ల జంపులు) వేసే పిల్లల్ని కాస్త ఆపడానికి, మనలాంటి ఆలస్యం బ్యాచ్‌కి టైం ఇవ్వడానికి కాదు.

డబుల్స్ సంగతి మాత్రం వేరు. అది అసాధ్యమేం కాదు, కానీ అందరికీ వస్తుందని కూడా చెప్పలేను. నాకు డబుల్ సాల్కౌ (ఒక రకం జంప్) 22కి వచ్చింది, వచ్చింది అంటే పది వేస్తే ఒకటి శుభ్రంగా, మిగతావి పావు చుట్టు తక్కువ. నాతోపాటే మొదలుపెట్టిన ఇంకో అమ్మాయికి చిన్నప్పట్నుంచి జిమ్నాస్టిక్స్ ఉంది, తనకి మూడేళ్లలోనే రెండు డబుల్స్ వచ్చేశాయి. నాకున్నది కూచిపూడి.

కూచిపూడి గురించి కాస్త చెప్పాలి, మనవాళ్లు చాలామంది అడుగుతారు డాన్స్ నేర్చుకుంటే హెల్ప్ అవుతుందా అని. అరమండి వల్ల తొడల్లో బలం ఉంటుంది, తాళం ఉంటుంది, నలుగురి ముందు నిలబడటానికి భయం ఉండదు, ఇవన్నీ ప్లస్సే. కానీ మాకు గుంటూరులో ఏడేళ్లు నేర్పింది నేలని గట్టిగా కొట్టమని, ఐస్ మీద సరిగ్గా దానికి ఉల్టా, మోకాలు మెత్తగా దిగాలి, శబ్దం రాకూడదు. నేను క్రాసోవర్స్ (ఒక కాలి మీదుగా ఇంకో కాలు వేస్తూ వంపు తిరగడం) వేస్తుంటే గుర్రబ్బండి వెళ్తున్నట్టు చప్పుడొచ్చేది, మా కోచ్ కళ్లు మూసుకుని నా స్కేటింగ్ "వినేది", చప్పుడు ఎక్కువైతే మళ్లీ మొదట్నుంచి. మోకాళ్లు కూడా అరమండిలో లాగా పక్కలకి కాదు, పాదం ఎటుంటే అటే వంగాలి. ఆ ఒక్క అలవాటు పోవడానికి ఆరు నెలలు. తరంగంలో పళ్లెం అంచు మీద నిలబడిన అనుభవం ఉంటే మాత్రం ఎడ్జ్, అంటే బ్లేడు ఒక పక్క అంచు మీద ఒరిగి జారడం, ఏంటో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది కూడా లేకపోతే తొక్కుడుబిళ్ల ఆడావు కదా, ఒంటికాలి మీద అంతసేపు నిలవగలిగితే మొదటి నెల గడిచిపోతుంది.

ఇప్పుడు నా పెద్ద తప్పు. మొదటి పది నెలలు బాగానే నడిచింది, లర్న్ టు స్కేట్ క్లాసులో బేసిక్ వన్ నుంచి సిక్స్ దాకా వరసగా వెళ్లా, ముందుకి, వెనక్కి, స్నోప్లౌ స్టాప్, క్రాసోవర్స్, త్రీ టర్న్స్ (ఒంటికాలి మీదే ముందూ వెనకా మారడం), తర్వాత వాల్ట్జ్ జంప్ (అరచుట్టే, కానీ మొదటిసారి గాల్లోకి లేచిన రోజు ఇంటికెళ్లి అన్నం కూడా తినలేదు ఆనందంతో), సాల్కౌ, టో లూప్. ఏడాదిన్నరకి లూప్, ఫ్లిప్, లట్జ్ అన్నీ సింగిల్స్ "ఉన్నాయి". కోట్స్ ఎందుకంటే అవి ఉన్నాయని నేననుకున్నా. అప్పుడు నాకు యాక్సెల్ పిచ్చి పట్టింది. ఆరు ముఖ్యమైన జంపుల్లో యాక్సెల్ ఒక్కటే ముందుకి చూస్తూ లేచేది, వెనక్కి దిగుతాం కాబట్టి ఒకటిన్నర చుట్టు, 1882లో ఆక్సెల్ పాల్సెన్ అనే నార్వే ఆయన వేశాడు, ఆయన పేరే. సింగిల్స్ నుంచి డబుల్స్‌కి వెళ్లే దారిలో గుమ్మం అదే, అందుకే దాని మీద అందరికీ అంత మోజు. "పద్దెనిమిదో బర్త్‌డేకి యాక్సెల్" అని గోడ మీద కాగితం అంటించుకున్నా. అప్పటి కోచ్ ఒకాయన కూడా ఏడాదిలో డబుల్స్ చూపిస్తా అన్నాడు, నేను నమ్మా, ఎందుకంటే నమ్మాలని ఉంది.

రోజూ ముప్ఫై, నలభై యాక్సెల్ ప్రయత్నాలు, ఎగరడం, విసిరికొట్టుకోవడం, పడటం. మిగతా ఏమీ ప్రాక్టీస్ లేదు. పద్దెనిమిదో బర్త్‌డే వచ్చి వెళ్లిపోయింది, ఆ తర్వాత నెలలో చెయ్యి వెనక్కి పెట్టి పడ్డా, మణికట్టు విరిగింది, ఆరు వారాలు కట్టు. అమ్మ అయితే స్కేట్స్ మంచం కింద దాచేసింది.

కట్టు విప్పాక వేరే కోచ్ దగ్గరికి వెళ్లా. ఆవిడ నా యాక్సెల్ చూడనే లేదు, "బ్యాక్‌స్పిన్ చూపించు" అంది, అంటే జంప్ దిగే కాలి మీదే తిరిగే స్పిన్. నాకు బ్యాక్‌స్పిన్ ఒకటిన్నర చుట్టు తిరిగేసరికి కూలిపోయేది. అప్పుడు చెప్పింది, యాక్సెల్ అంటే ఏం లేదమ్మా, వాల్ట్జ్ జంప్ వేసి గాల్లో బ్యాక్‌స్పిన్‌లోకి వెళ్లడమే, నేల మీద రానిది గాల్లో ఎక్కడ్నుంచి వస్తుంది అని. ఇంకోటి, మనలా ఎడమవైపు తిరిగేవాళ్లకి ఆరు జంపులూ, టో లూప్ నుంచి యాక్సెల్ దాకా, దిగేది ఒక్కచోటే, కుడికాలి బ్యాక్ అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద, అంటే వెనక్కి జారుతూ బ్లేడు బయటి అంచు మీద. ఆ ఎడ్జ్ మీద నేను మూడు సెకన్లు కదలకుండా నిలబడలేకపోయేదాన్ని. అంటే రెండేళ్లుగా దిగే చోటు లేకుండా విమానం ఎగరేస్తున్నా అన్నమాట. నాలుగు నెలలు జంప్ అన్న మాట ఎత్తనివ్వలేదు. ఎడ్జులు, త్రీ టర్న్స్, బ్యాక్‌స్పిన్, మళ్లీ ఎడ్జులు. ఏడుపొచ్చేది, పక్కన ఎనిమిదేళ్ల పిల్లలు డబుల్ లూప్‌లు వేస్తుంటే నేను గీతల మీద అర్ధచంద్రాలు గీసుకుంటూ. కానీ మొదలుపెట్టిన మూడున్నరేళ్లకి యాక్సెల్ దిగింది. నాన్న వీడియో తీశాడు, అందులో సగం ఆయన బొటనవేలే.

అందుకే టార్గెట్ అంటే "ఈ తేదీకి ఈ జంప్" అని పెట్టుకోవద్దంటా. తేదీకి నీ ఒళ్లు జవాబుదారీ కాదు, ఈ వయసులో ఒక్కో ఎండాకాలంలో ఎత్తు కూడా మారుతుంది, ఎత్తు మారితే తిరిగే లెక్కంతా మారిపోతుంది. ఐస్ మీద గంటలు లెక్కపెట్టుకో, అది నీ చేతిలో ఉంది. నేను వారానికి నాలుగు గంటలు, అందులో అరగంట ప్రైవేట్ లెసన్, కాలేజీ ఎగ్జామ్స్ అప్పుడు రెండు గంటలు. ఇంకా నీ చేతిలో ఉండేవి చిన్న చిన్నవి: ఆ బ్యాక్ అవుట్‌సైడ్ ఎడ్జ్ మీద ఎన్ని సెకన్లు, స్పిన్ ఎన్ని చుట్లు ఒకే చోట, ఎడమవైపు వచ్చిన క్రాసోవర్ కుడివైపు కూడా వస్తుందా. (రాదు. ఎవరికీ రాదు. దాని మీద పని చెయ్యి.) పోటీల కన్నా టెస్టులు మనలాంటి వాళ్లకి మంచివి, యూఎస్ ఫిగర్ స్కేటింగ్‌లో స్కేటింగ్ స్కిల్స్ అని ఒక వరస ఉంది, మా రోజుల్లో మూవ్స్ ఇన్ ద ఫీల్డ్ అనేవాళ్లు, అందులో జంప్సే ఉండవు, అంతా ఎడ్జులు, టర్న్స్. టీనేజ్‌లో మొదలుపెట్టి అందులో పై మెట్టు గోల్డ్ దాకా పూర్తి చేసినవాళ్లు నాకు స్వయంగా ఇద్దరు తెలుసు, వాళ్లలో ఒకరికి డబుల్ ఒక్కటి కూడా లేదు.

దానికి తోడు జంప్స్ లేకుండా ఆడే దారులున్నాయి, వీటి గురించి నాకెవరూ ముందు చెప్పలేదు. సోలో డాన్స్ ఉంది, డచ్ వాల్ట్జ్, కనాస్టా టాంగోలతో మొదలవుతుంది, కూచిపూడి పిల్లవైతే దీంట్లో నువ్వు అందరికంటే ముందుంటావ్, తాళం తప్పవు కాబట్టి. సింక్రో (జట్టుగా ఒకేలా చేసే స్కేటింగ్) ఉంది, సీనియర్ టీంలో పదహారు మంది కలిసి చేస్తారు, కిందిస్థాయిల్లో ఆలస్యంగా వచ్చినవాళ్లని కూడా తీసుకుంటారు. కాలేజీకి వెళ్లాక ఇంటర్‌కాలేజియేట్ పోటీలుంటాయి, కింది లెవెల్స్ వాళ్లకి కూడా ఈవెంట్స్ పెడతారు, నీ పాయింట్లు కాలేజీ లెక్కలో కలుస్తాయి. నేను మా యూనివర్సిటీ జాకెట్ వేసుకున్నది దానివల్లే. 21 దాటాక అడల్ట్ నేషనల్స్ ఉన్నాయి, 1995 నుంచి జరుగుతున్నాయి, అక్కడ అరవై దాటినవాళ్లు కూడా ప్రోగ్రాం వేస్తుంటే చూడాలి. నేనిప్పుడు అడల్ట్ గోల్డ్ టెస్టుకి తయారవుతున్నా, ఎప్పటికో నువ్వడక్కు.

పోటీల మాటొచ్చింది కాబట్టి, నా మొదటి పోటీలో నాకు కంచు పతకం. మా గ్రూపులో ఉన్నది ముగ్గురం. నాన్న దాన్ని దేవుడి గదిలో తగిలించాడు, అమ్మ గుంటూరుకి ఫోన్ చేసి "అమెరికాలో మూడో స్థానం" అని చెప్పింది, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు.

డబ్బు గురించి దాచను, మీ నాన్నగారి అసలు బాధ అదే అయ్యుంటుంది. మా నాన్న డైరీలో రాసేవాడు, మొదటి ఏడాది దగ్గర దగ్గర నాలుగు వేల డాలర్లు అయ్యింది, అదీ పదేళ్ల కిందటి రేట్లకి, అందులో ఐస్ టైమూ లెసన్లే ఎక్కువ. తగ్గించుకోవచ్చు: మొదటి ఆరు నెలలు గ్రూప్ క్లాసు, పబ్లిక్ సెషన్ చాలు, ప్రైవేట్ కోచ్ అవసరం లేదు. ఫ్రీస్టైల్ సెషన్స్ (ఫిగర్ స్కేటర్ల ప్రాక్టీస్‌కే ఉంచే ఐస్ టైం) జంప్స్ మొదలయ్యాక చూసుకోవచ్చు. డ్రెస్సులు అసలొద్దు, లెగ్గింగ్స్, గ్లవ్స్, పిరుదులకి ప్యాడ్ ఉన్న షార్ట్స్, అంతే, ఆ షార్ట్స్ మాత్రం సిగ్గుపడకుండా కొనుక్కో. మొదట్లో హెల్మెట్ కూడా పెట్టుకో, చూసి నవ్వేవాళ్లని నవ్వనీ. ఖర్చు పెట్టాల్సింది బూట్ల మీద. రెంటల్ స్కేట్స్‌తో రెండు మూడు నెలల కంటే ఎక్కువ లాగకు, చీలమండకి సపోర్ట్ ఉండదు, బ్లేడుకి పదును ఉండదు, ఎడ్జ్ రావట్లేదని నిన్ను నువ్వు తిట్టుకుంటావ్. అలాగని మొదటి జతే డబుల్స్ వేసేవాళ్ల గట్టి బూట్లు కొనకు, మోకాలు వంగదు. పదును ఇరవై, ముప్ఫై గంటలకోసారి పట్టించు, అదీ ఫిగర్ స్కేట్స్ పట్టడం తెలిసినవాళ్ల దగ్గర. హాకీ బ్లేడులకి అలవాటుపడిన ఒక చోట నాకు కింది టో పిక్ (బ్లేడు ముందుండే పళ్లలో కిందిది) సగం కొరిగేశారు.

హైదరాబాద్ నుంచి ఇదే అడిగేవాళ్లకి ఒక మాట: ఏడాదంతా ఐస్ దొరకాలంటే మన దగ్గర కష్టమే, డెహ్రాడూన్‌లో 2011 సౌత్ ఏషియన్ వింటర్ గేమ్స్‌కి కట్టిన రింక్ ఉంది, షిమ్లాలో 1920 నుంచి ఉన్న రింక్ చలికాలం మాత్రమే. కానీ ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌ని తక్కువ చూడకండి, అందులో కూడా ఎడ్జులు, స్పిన్లు, సాల్కౌలు, యాక్సెల్లు అన్నీ ఉన్నాయి. మన హైదరాబాదీ అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో అందులోనే కంచు తెచ్చాడు, 2015లో అర్జున అవార్డు కూడా వచ్చింది. చక్రాల మీద నేర్చుకుని ఐస్ మీదకొచ్చిన అమ్మాయి ఒకరు మా రింక్‌లో ఉంది, రెండు వారాలు ఆగడం రాక గోడలకి గుద్దుకుంది, తర్వాత నన్ను దాటేసింది.

ఇక మీ నాన్నగారికి ఏం చెప్పాలంటావా. "సాధిస్తా" అని మాటివ్వకు. ఎనిమిది వారాల గ్రూప్ క్లాసు ఒక్కటి అడుగు, ఒక్కటే, అయిపోయాక మళ్లీ మాట్లాడుకుందాం అను. ఆయన్ని ఒకరోజు రింక్‌కి తీసుకెళ్లి కూర్చోబెట్టు, స్వెటర్, ఫ్లాస్కులో టీ ఇచ్చి. మా నాన్న అలాగే వచ్చి మూడో వారానికి పక్కన కూర్చున్న కొరియన్ ఆంటీకి త్రీ టర్న్ అంటే ఏంటో వివరించడం మొదలుపెట్టాడు.

బూట్లు కొనే రోజు మాత్రం ఆయన్ని కాస్త ఆపు. మా నాన్న స్కూలు బూట్లలాగే ఒక సైజు పెద్దది కొనిపించాడు, "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి" అని. ఫిగర్ స్కేట్స్ మామూలు బూట్ల కంటే అర సైజో, ఒక సైజో చిన్నవే పడతాయి, వేళ్లు ముందు తగలీ తగలనట్టు, మడమ అస్సలు లేవకూడదు. నేను రెండు జతల సాక్సులు వేసుకుని నాలుగు నెలలు తిరిగా, మడమ లేస్తున్నా నోరు మూసుకుని, డైరీలో ఆ 230 డాలర్లు చూశాక ఆయనకి చెప్పే ధైర్యం రాలేదు.