పదహారు పదాల పట్టిక ముందు

చిరంజీవి సౌజన్యకు,

పెదనాన్న ఆశీస్సులు. పదహారు పదాలను నాలుగేసి చొప్పున నాలుగు గుంపులుగా విడదీయవలసిన న్యూయార్క్ టైమ్స్ వారి కనెక్షన్స్ ఆటలో మొదటి గుంపు దొరకక ముందే రెండు మూడు తప్పులు అయిపోతున్నాయని, ఇంగ్లీషు అంతగా రాకపోవడమే అందుకు కారణమేమోనని రాశావు. నీ ఇంగ్లీషుకు వచ్చిన లోటేమీ లేదు. నాలుగు పదాలు ఒక జాతివిగా కనబడగానే నొక్కేయడం వల్లే నీ ఆట చెడుతోంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచినదంతా ఇంచుమించు ఆ ఒక్క అలవాటు గురించే.

ముందు లెక్క చూడు. పదహారు పదాలలోంచి నాలుగింటిని 1,820 విధాలుగా ఎంచుకోవచ్చు. వాటిలో సరైనవి నాలుగే. ఒక గుంపు తీసేస్తే ఆ సంఖ్య 495కు, రెండు తీసేస్తే 70కి దిగుతుంది. అందుచేత మొదటి గుంపును ఎంత నిబ్బరంగా తీస్తే మిగిలిన ఆట అంత తేలికవుతుంది. పైగా తొందరపెట్టే గడియారం ఇక్కడ లేదు. బీబీసీలో 2008లో మొదలైన ఓన్లీ కనెక్ట్ పోటీలోనూ ఇటువంటి పదహారు పదాల గోడ ఉంటుంది కాని, అక్కడ దానిని రెండున్నర నిమిషాలలో ముగించాలి. 2023 జూన్‌లో వచ్చిన ఈ ఆటలో మాత్రం అర్ధరాత్రి కొత్త పట్టిక వచ్చేదాకా నీ ఇష్టం. పొద్దున చూసి, ఫోను పక్కన పెట్టి, వంట పని ముగించుకొని మళ్ళీ చూసినా ఎవరూ కాదనరు.

నీ కోసం నేనే ఒక పట్టిక కూర్చాను: పర్చ్, టెనార్, బటర్, సోల్, కార్ప్, హీల్, హౌస్, బాస్, పైక్, లేస్, ఆల్టో, డ్రాగన్, స్కేట్, టంగ్, ఫైర్, సొప్రానో. చదవగానే చేపలు కనబడతాయి. పర్చ్, కార్ప్, పైక్, స్కేట్, సోల్, బాస్ అన్నీ చేపలే. ఆరు చేపలలోంచి నాలుగింటిని 15 విధాలుగా ఎంచవచ్చు, సరైనది ఒక్కటే, కాబట్టి ఇక్కడ వేలు పెట్టడమంటే తప్పును పిలిచి తెచ్చుకోవడమే. ఒక జాతికి నాలుగు దొరికాయని సంబరపడే ముందు ఐదోది ఉందా అని వెతకాలి. ఉంటే ఆ గుంపును అలాగే వదిలి, తక్కువ పదాలున్న వైపుకు వెళ్ళాలి. టెనార్, ఆల్టో, సొప్రానో పాశ్చాత్య సంగీతంలో గొంతుల పేర్లు; అవి మూడే ఉన్నాయి కనుక నాలుగోదిగా బాస్ అక్కడికి చేరక తప్పదు. చేప పేరుగా ఒక రకంగా, గొంతు పేరుగా ‘బేస్’ అని మరొక రకంగా పలికే ఆ పదానికి అక్షరాలు ఒకటే అన్నది గుర్తుంచుకో. ఇటువంటి పదాలను ఎన్ని విధాలుగా పలకవచ్చో అన్ని విధాలుగానూ పైకి పలికి చూడాలి. అలాగే హీల్, లేస్, టంగ్ బూటు భాగాలు, వాటికి నాలుగోది సోల్. ఈ రెండు గుంపులూ తీసేశాక చేపలు నాలుగే మిగులుతాయి, మనం ఏమీ ఊహించనక్కరలేదు.

చివర మిగిలిన బటర్, డ్రాగన్, ఫైర్, హౌస్ పదాల అర్థాలకు ఏ సంబంధమూ లేదు. ప్రతిదాని వెనుకా ఫ్లై చేర్చితే ఒక పురుగు పేరు వస్తుంది. ఆటలో అన్నిటికంటే కష్టమైనదిగా ఉంచే ఊదా రంగు గుంపు తరచుగా ఇటువంటిదే. ముందో వెనుకో ఒక పదం అతకడం, లోపల మరో పదం దాగి ఉండడం, ఒక అక్షరం మారడం, ఉచ్చారణ మరో పదంలా వినబడడం వంటివి అందులో వస్తాయి. గళ్ళనుడికట్టు పూరించే అలవాటున్న నీకు ఇది కొత్త కాదు. ఎక్కడా ఇమడని పదం కనబడితే దాని అర్థాన్ని పక్కన పెట్టి అక్షరాలను చూడు. ఊదాను ముందే పట్టడం కొందరికి గొప్ప. నాకు ఆ పట్టింపు లేదు, మిగిలిన నాలుగూ వాటంతట అవే అందులో పడితే నాకు చాలు.

ఎంచిన నాలుగింటిలో మూడు సరైనవే, ఒకటే తేడా అని చెప్పే ‘వన్ అవే’ సందేశం వచ్చినప్పుడు నీకు చేయి ఆగదని తెలుసు. అప్పటికి పదహారు పదాలూ పట్టికలోనే ఉంటే, ఏది తీయాలన్నదానికి నాలుగు దారులు, బదులుగా ఏది పెట్టాలన్నదానికి పన్నెండు, మొత్తం 48. ఆ నాలుగు పదాలనూ కాగితంపై రాసుకొని మరో గుంపు వెతుకు. తప్పుగా చేరిన పదానికి ఇల్లు అక్కడ దొరుకుతుంది. నాలుగో తప్పుతో ఆట ముగుస్తుంది కాబట్టి మూడో తప్పు తరువాత నిర్ధారణ లేని గుంపును ముట్టుకోవద్దు. పదాల చోట్లు కలగలిపే షఫుల్ మీటను మాత్రం ధారాళంగా వాడు, పక్కపక్కన ఉన్నందువల్లే జతగా కనబడిన పదాలు దానితో విడిపోతాయి.

అమెరికా జీవితం తెలియకపోవడం మాత్రం నిజమైన ఇబ్బందే. హీట్, జాజ్, మ్యాజిక్, థండర్ అని కనబడితే మనం ఒకదానిని వేసవికి, ఒకదానిని సంగీతానికి ముడిపెడతాం. అక్కడివారికి అవి మయామీ, యూటా, ఒర్లాండో, ఓక్లహోమా సిటీ బాస్కెట్‌బాల్ జట్లు. ఇటువంటివి ఒక పుస్తకంలో రాసుకుంటే క్రమంగా అలవాటవుతాయి. తెలియని పదానికి నిఘంటువు చూడడాన్ని నేను తప్పుపట్టను, గుంపుల పేర్లు చెప్పే సూచనలు చదవడాన్ని మాత్రం ఆటగా ఒప్పుకోను.

వీలైతే నీవే తెలుగులో ఒక పట్టిక కూర్చి చూడు. అశ్విని, భరణి, రోహిణి నక్షత్రాలు. మోహన, కల్యాణి, హిందోళం రాగాలు. రేవతి రెండింటిలోనూ ఇముడుతుంది. అటువంటి పదాన్ని ఎక్కడ పెడితే ఎదుటివారు తడబడతారో నీవు ఆలోచించడం మొదలుపెడితే, రోజూ వచ్చే పట్టికలో కూర్చినవారు ఎక్కడ ఉచ్చు వేశారో ముందే పసిగడతావు. కూర్చిన పట్టికను నాకు పంపు. జవాబులు మాత్రం వేరే కాగితం మీద ఉంచు.

ఆశీస్సులతో,
పెదనాన్న