కాలర్ మార్చారు సరే, తాళాలు ఎవరి దగ్గరున్నాయండీ?

రోటరీ, లయన్స్ లాంటి సేవా క్లబ్బుల్లో జులై ఒకటిన పదవులు మారతాయి కదండీ, అందుకే జూన్ నెలాఖరు వచ్చేసరికి ఈ శీర్షికకి క్లబ్బుల ఉత్తరాలు మొదలవుతాయి, ఈసారి మరీ ఎక్కువొచ్చాయి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, ఈ నెలంతా ఇవే తీసుకున్నాం.

ప్రశ్న: జులై ఒకటి నుంచి మా ఊరి సర్వీస్ క్లబ్బుకి నేనే ప్రెసిడెంట్‌నండి. దిగిపోయే ఆయన నాకు బావగారి వరస. స్టేజీ మీద పదవి గుర్తుగా మెడలో కాలర్ వేస్తారు, గావెల్ అని చిన్న చెక్క సుత్తి చేతికిస్తారు, అది సరే. లెక్కల పుస్తకం ఏదండీ అంటే "ఇస్తాలే బావా, ఎక్కడికి పోద్ది" అంటారు. గట్టిగా అడిగితే చుట్టరికం చెడుద్దేమోనని భయంగా ఉంది.
(అమలాపురం దగ్గర నుంచి ఒక పాఠకుడు)

జవాబు: అడగండి, అదీ ఫంక్షన్‌కి ముందే అడగండి, దండలు పడిపోయాక ఇంకెవరూ పట్టించుకోరు. ఒక్కరే మాత్రం వెళ్లకండి. కొత్త సెక్రటరీని, ట్రెజరర్‌ని వెంటేసుకుని వెళ్లి పాత ముగ్గురితో కూర్చోండి, అప్పుడది బావా బావమరుదుల గొడవ కాకుండా కమిటీ పనవుతుంది. మినిట్స్ బుక్, క్యాష్ బుక్, వోచర్లు, పాస్‌బుక్, చెక్ బుక్, క్లబ్బు పాన్ కార్డు, చందా ఎవరు కట్టారో ఎవరు బాకీ ఉన్నారో ఆ లిస్టు, క్లబ్బు మెయిల్ పాస్‌వర్డ్... అన్నీ ఒక కాయితం మీద రాసి రెండు వైపులా సంతకాలు పెట్టుకోండి.

అందరూ మర్చిపోయేది ఫ్రీజర్ బాక్సండి. మీ క్లబ్బుకి ఒకటి ఉండే ఉంటుంది. రాత్రి రెండింటికి ఎవరింట్లోనో పెద్దాయన పోతారు, ఆ ఫోను కొత్త ప్రెసిడెంట్‌కే వస్తుంది, బాక్సు ప్రస్తుతం ఏ ఊళ్లో ఉందో, షెడ్డు తాళం ఎవరింట్లో ఉందో, పోయినసారి పట్టుకెళ్లినవాళ్లు కట్టిన డిపాజిట్ తిరిగిచ్చారో లేదో ఈయనకి ఒక్క ముక్క తెలీదు, అవతల చూస్తే ఏడుస్తున్న మనుషులు. కాబట్టి బాక్సుని కళ్లతో చూసి, ప్లగ్గు పెట్టించి, చల్లబడుతోందో లేదో చెయ్యి పెట్టి చూసి, ఆ రిజిస్టర్ చేతికొచ్చాకే సంతకం పెట్టండి.

బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం కావాలి, కొత్తవాళ్ల కేవైసీ కావాలి, ఒక్క పూటలో తేలే పని కాదు, అందుకే జూన్‌లోనే తీర్మానం రాసుకోండి. క్లబ్బు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టరై ఉంటే కొత్త కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి కూడా ఇవ్వాలి. ఇంత తొందరెందుకంటారా, మన దగ్గర జులై అంటే గోదారి పెరిగే నెల కదండీ. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకి రెండోది. ఈలోపు లంకల్లో జనానికి బియ్యం, టార్పాలిన్లు కొనాల్సొస్తే చెక్కు మీద ఇంకా బావగారి సంతకమే ఉంటే ఎట్లాగండి?

ఇంకో మాట. పుస్తకం ఇవ్వకుండా సాగదీసేవాళ్లు అందరూ డబ్బు తిన్నోళ్లు కాదు. చాలామంది సొంత డబ్బు పెట్టేసి, బిల్లులు దాచుకోక, ఇప్పుడు ఎలా రాయాలో తెలీక మొహం చాటేస్తారు. "బావా, నీ చేతి డబ్బు ఏమైనా పడిందా" అని ముందుగా మీరే అడిగి చూడండి.

ప్రశ్న: జులై అంటే ఆషాఢం, ఆ నెల్లో పదవి తీసుకోవద్దని మా అమ్మగారు పట్టుబట్టారు. శ్రావణంలో తీసుకోవచ్చా?
(పాలకొల్లు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఫంక్షన్ శ్రావణంలో పెట్టుకోండమ్మా, ఎవరూ కాదనరు. కానీ రోటరీ అయినా లయన్స్ అయినా సంవత్సరం జులై 1న మొదలై జూన్ 30న అయిపోతుంది, మీ స్టేజీ కట్టినా కట్టకపోయినా ఆ రోజు నుంచి బాధ్యత మీదే. ఒకటో తారీఖున సంతకాలు, శ్రావణంలో దండలు, అమ్మగారికి అలా చెప్పి చూడండి. కాకపోతే హాలు ఇప్పుడే మాట్లాడుకోండి, శ్రావణం పెళ్లిళ్ల మధ్య దొరకదు.

ప్రశ్న: ఏళ్ల తరబడి మా క్లబ్బు కంటి క్యాంపుకి లంకల్లోంచి పెద్దవాళ్లని తెచ్చేది నేనండి. తెల్లారకముందే రేవుకెళ్లి పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) దిగినవాళ్లని ఆటోలెక్కించడం, ఆపరేషన్ అయ్యాక ఇళ్లకి చేర్చి చుక్కల మందు వేస్తున్నారో లేదో చూడటం. సన్మానాలప్పుడు మాత్రం డొనేషన్ ఇచ్చినవాళ్లనే పిలుస్తారు. పాల్ హారిస్ ఫెలో అని పిన్ను పెట్టారు ఒకాయనకి, ఆయన క్యాంపుకి ఒక్కసారీ రాలేదు. అడిగితే కుళ్లు అంటారేమో అని ఊరుకున్నాను.
(కోటిపల్లి దగ్గర నుంచి, పేరు వద్దన్నారు)

జవాబు: కుళ్లేం కాదండి, న్యాయమైన బాధే. ముందు ఆ పిన్ను సంగతి. పాల్ హారిస్ అంటే 1905లో షికాగోలో రోటరీ మొదలెట్టినాయన. ఆయన పేరు మీది గుర్తింపు రోటరీ ఫౌండేషన్‌కి 1000 డాలర్లు ఇచ్చినందుకు, లయన్స్‌లో మెల్విన్ జోన్స్ ఫెలో కూడా వాళ్ల ఫౌండేషన్‌కి అంతే ఇచ్చినందుకు. అంటే అది దాతకిచ్చే గుర్తింపు, క్యాంపుకి వచ్చారా లేదా అన్న లెక్క అందులో లేదు. ఆ డబ్బూ పనికొచ్చేదే లెండి, పోలియో చుక్కల కోసం రోటరీ 1985 నుంచి పెట్టిన డబ్బులో ఇలాంటి చందాలున్నాయి, మన దేశానికి 2014లో పోలియో రహితం అని సర్టిఫికెట్ కూడా వచ్చింది.

చాలా క్లబ్బులకి తట్టనిది ఒకటుంది. ఆ ఫెలో గుర్తింపు డబ్బిచ్చినాయనకే రావాలని లేదు, ఇంకొకరి పేరు మీద కూడా కట్టొచ్చు. నలుగురు మెంబర్లు కలిసి మీ పేరున కట్టొచ్చు. ఈ మాట మీ నోటితో ఎలాగూ అడగలేరు, ఈ పేజీ మీ సెక్రటరీ గారికి చూపించండి, మేమే అడుగుతున్నాం అనుకుంటారు.

ఇక క్లబ్బులు నడిపేవాళ్లకి మా గోడు కూడా వినండి. ఏడింటికన్న ఫంక్షన్ ఎనిమిదిన్నరకి మొదలెట్టి, స్టేజీ మీద ఇరవై కుర్చీలేసి, కూర్చున్న ప్రతివాళ్లకీ శాలువా బొకే ఇచ్చి, పీడీజీ (మాజీ డిస్ట్రిక్ట్ గవర్నర్) గారి స్పీచ్ అయ్యాక ఆఖర్న "సేవలందించిన సభ్యులు" అని గడగడా పేర్లు చదివేస్తారు, అప్పటికి సగం హాలు ప్లేట్లు పట్టుకుని లైన్లో ఉంటుంది. ఆ పేర్లు గెస్టు స్పీచ్‌కి ముందే చదవండి. పేరుతో ఆపకుండా ఏం చేశారో కూడా రెండు ముక్కలు చెప్పండి. "ఫలానా ఆయన తెల్లారకముందే రేవులో ఉండి, పంటు దిగినవాళ్లని చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించారు" అంటే చాలు, మెమెంటో చిన్నదైనా ఫర్వాలేదు. మెమెంటో మీద ఇంటిపేరు తప్పులేకుండా కొట్టించండి, అది తప్పు పడితే అసలివ్వకపోవడమే మేలు.

ప్రశ్న: మా పాత ప్రెసిడెంట్ దిగిపోయినా ప్రతి బోర్డు మీటింగుకీ వచ్చి "మా టైంలో" అని మొదలెడతారు. రావద్దని చెప్పొచ్చా?
(తణుకు నుంచి ఒక సెక్రటరీ)

జవాబు: చెప్పలేరండి, ఐపీపీ (అప్పుడే దిగిపోయిన ప్రెసిడెంట్) అంటే ఆ ఏడాది ఆయనా బోర్డులో మనిషే. ఆయన టైంలో మొదలెట్టి సగంలో ఆగిపోయిన పని ఒకటి ఉండే ఉంటుందిగా, వాటర్ ప్లాంటో బస్ షెల్టరో, దానికి ఆయన్నే ఛైర్మన్ చేసి, ప్రతి మీటింగులో మొదటి రిపోర్టు ఆయన్నే ఇమ్మనండి.