లండన్‌లో చదివే అమ్మాయికి నెలకు ఎంత పంపాలి?

అన్నా, అమ్మాయికి లండన్‌లో ఏడాది మాస్టర్స్ సీటు వచ్చిందన్నారు, సంతోషం. ఫీజుకు లోన్ ఉంది, మరి ఖర్చులకు చిత్తూరు నుంచి నెలకు ఎంత పంపాలి, పార్ట్‌టైమ్ చేస్తే ఎంత తగ్గించుకోవచ్చు అని అడిగారు. మాది తిరుపతి. మా అబ్బాయి 2024 సెప్టెంబర్‌లో అక్కడికి చదువుకు వెళ్లాడు. నెలనెలా ఖర్చుల లెక్క ఫోన్‌లో ఇద్దరం కలిసి చూసుకునేవాళ్లం.

ముందు రెండో ప్రశ్నకు చెప్తాను. పార్ట్‌టైమ్ జీతాన్ని బడ్జెట్‌లో రాయొద్దు. సున్నా అనుకునే లెక్క వేయండి. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు, అది వీసా షరతు. మాస్టర్స్ వాళ్లకు ఎండాకాలం కూడా మామూలుగా సెలవు కింద రాదు, డిసర్టేషన్ (కోర్సు చివర ఇచ్చే పరిశోధన వ్యాసం) రాసే సమయం కాబట్టి అప్పుడూ అదే లిమిట్. పైగా దిగగానే పని దొరకదు. మావాడికి క్రిస్మస్ దగ్గర పడేదాకా దొరకలేదు. ఇంటి నుంచి డబ్బు వస్తుందన్న ధైర్యం ఉండబట్టే నిమ్మళంగా చదువుకున్నాడు. ఆ ధైర్యం లేని పిల్లలు టెన్షన్‌లో ఎక్కువ గంటలు చేసి వీసాకే ఎసరు తెచ్చుకుంటారు. మన పిల్లలకు ఆ గతి పట్టకూడదు.

వీసాకు చూపించే డబ్బు 2025 నవంబర్ నుంచి లండన్‌కు నెలకు 1,529 పౌండ్లు, తొమ్మిది నెలలకు 13,761. సొంత డబ్బయితే 28 రోజులు ఖాతాలో ఉండాలి. చేబదులు తెచ్చి చూపించి తిరిగిచ్చేయండి అని కొందరు సలహా ఇస్తారు, వినొద్దు. నిజంగా ఖర్చయ్యే డబ్బే అది. మావాడికి అన్నీ కలిపి 1,100 నుంచి 1,200 పౌండ్లు అయ్యేది, అదీ ఇంట్లో వండుకుని తింటేనే.

అందులో సగానికి పైగా గది అద్దే. వాడు తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్‌లో నలుగురితో కలిసి ఉన్న ఇంట్లో ఒక గదికి 650 ఇచ్చాడు. అక్కడ అద్దెలు చాలాచోట్ల వారానికి ఇంత అని చెప్తారు. దాన్ని నాలుగుతో గుణించి నెల అద్దె అనుకోకండి. 52తో గుణించి 12తో భాగించాలి. వారానికి 180 అంటే నెలకు 720 కాదు, 780. ఏడాదికి ఆ తేడా 720 పౌండ్లు!

అద్దెను, ప్రయాణాన్ని విడివిడిగా చూడొద్దు. ఊరి చివర గది చవకగా దొరికినా రోజూ ట్యూబ్ (అక్కడి మెట్రో రైలు) ఎక్కితే మిగిలింది అక్కడే పోతుంది, ఎన్ని జోన్లు దాటితే అంత చార్జీ. బస్సుకు జోన్లతో పని లేదు. ఎంత దూరమైనా ఒకటే చార్జీ (మావాడు వెళ్లినప్పుడు 1.75 పౌండ్లు), మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఇంకెన్ని బస్సులు మారినా అదే టికెట్. కాలేజీకి ఒక బస్సులో పోగలిగే చోట కాస్త ఎక్కువ అద్దె ఇచ్చినా నష్టం లేదని నా అభిప్రాయం. చలికాలంలో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది, ఆడపిల్లకు ఆ దగ్గరితనం డబ్బుతో కొలిచేది కాదు. బస్సుకూ ట్యూబ్‌కూ వాడే ఆయిస్టర్ కార్డులో స్టూడెంట్ కార్డు తీసుకుంటే వారం, నెల పాసుల మీద 30 శాతం తగ్గుతుంది.

అడ్వాన్స్ అయిదు వారాల అద్దెకు మించి అడగకూడదని 2019 చట్టం ఉంది. ఆ డబ్బును ఓనర్ 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ స్కీమ్‌లో పెట్టాలి. ఓనర్ అదే ఇంట్లో ఉంటూ గది ఇస్తే మాత్రం ఈ స్కీమ్ వర్తించదు, రసీదు తప్పక తీసుకోమనండి. ఇంకో సంగతి: ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడ ఇంట్లో ఉండేవాళ్లు కట్టే స్థానిక పన్ను) ఉండదు. మావాడి ఇంట్లో ఒకతను కోర్సు అయిపోయి ఉద్యోగంలో చేరగానే బిల్లు వచ్చింది. ఎవరు కట్టాలని వారం రోజులు గొడవ. గదిలో చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

తిండికి 150 పౌండ్లు చాలు. ఈస్ట్ హామ్ వైపు కరివేపాకు, కందిపప్పు, రాగిపిండి అన్నీ దొరుకుతాయి. సంగటి వండుకునేవాడు. ఇక్కడి నుంచి బియ్యం మూటలు మోసుకుపోవడం దండగ, ఆ బరువులో చలి దుస్తులు, ఇంకో జత కళ్లద్దాలు పెట్టండి. వీసాతోపాటు ఏడాదికి 776 పౌండ్ల హెల్త్ సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే రుసుము) కడతారు కాబట్టి డాక్టర్‌కు ఫీజు ఉండదు, కానీ మందుల చీటీలో ఒక్కో మందుకు 9.90 పడుతుంది.

మొదటి నెల లెక్క వేరే. అడ్వాన్స్, నెల అద్దె, పరుపు, కుక్కర్ అన్నీ ఒకేసారి పడతాయి. దానికి 2,000 పౌండ్లు విడిగా పెట్టుకోండి. లోన్ ద్వారా వెళ్లే డబ్బుకు టీసీఎస్ (విదేశానికి పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) లేదు, సొంత డబ్బుకు కూడా ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటాకే పడుతుంది. కాబట్టి ఫీజు లోన్ నుంచి, ఖర్చులు మీ ఖాతా నుంచి పంపేలా బ్యాంకులో ముందే మాట్లాడుకోండి.

అమ్మాయి కాలేజీ లండన్‌లో ఏ వైపో రాయండి అన్నా, ఎక్కడ గది చూసుకుంటే బస్సు కుదురుతుందో మావాడిని అడిగి చెప్తాను.