కెమెరా సందేహాలు: గ్రిప్ తగిలించాక మొదలయ్యే తంటాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బ్యాటరీ గ్రిప్ గురించే, అంటే అదనపు బ్యాటరీలు, నిలువుగా పట్టుకున్నప్పటికి ఇంకో షట్టర్ బటన్ ఉండి కెమెరా అడుగున తగిలించే పిడి. అందుకే మిగతావి పక్కనపెట్టి వాటికే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పెళ్లిళ్లు తీస్తాను. కెనాన్ 80డీకి వేరే కంపెనీ గ్రిప్ పెట్టాను. సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి కెమెరా దానంతటదే ఆగిపోయి, మళ్లీ వచ్చింది. రెండు బ్యాటరీలూ నిండుగానే ఉన్నాయి. లోపం గ్రిప్‌లోనా, కెమెరాలోనా? (గాజువాక)

జవాబు: నిండు బ్యాటరీలతో ఆగి, దానంతటదే మళ్లీ వచ్చిందంటే మధ్యలో ఎక్కడో కరెంటు క్షణంపాటు తెగుతోంది. ఎక్కువగా అది గ్రిప్‌కీ కెమెరాకీ మధ్య అతుకు దగ్గరే జరుగుతుంది. కెనాన్ పద్ధతిలో కెమెరాలోని బ్యాటరీ, దాని మూత తీసేసి ఆ గూట్లోకి గ్రిప్ మెడను దూరుస్తాం. మొత్తం బరువును పట్టి ఉంచేది ట్రైపాడ్ రంధ్రంలోకి వెళ్లే ఒక్క పావు అంగుళం స్క్రూ. కెమెరా మెడలో వేలాడుతూ, జనం తోపులాటలో ఊగుతూ ఉంటే ఆ స్క్రూ పావు చుట్టు వదులైనా చాలు, లోపల స్ప్రింగు పిన్నులు తడబడతాయి.

కారణం తేల్చుకోవడానికి వరుసగా ఇలా చేయండి. ముందు గ్రిప్ తీసేసి, ఒక్కో బ్యాటరీని నేరుగా కెమెరాలో వేసి వందేసి ఫొటోలు తీయండి. ఎక్కడా ఆగకపోతే కెమెరా మీద అనుమానం వదిలేయొచ్చు. తర్వాత గ్రిప్ బిగించి, బ్యాటరీలు పెట్టే దాని ట్రేలో ఎడమ గదిలో మాత్రమే బ్యాటరీ పెట్టి చూడండి. ఆపైన కుడి గదిలో. ఒక గదిలోనే ఆగుతుంటే ఆ గది కాంటాక్టులే దోషులు. రెండింటిలోనూ ఆగుతుంటే పెన్సిల్ సెల్స్ ట్రేతో ప్రయత్నించండి. దానితోనూ ఆగితే మెడ దగ్గరి పిన్నులో, స్క్రూనో చూడాలి.

కాంటాక్టులు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన కాటన్ బడ్ చాలు. గరుకు కాగితం పొరపాటున కూడా వాడొద్దు. పైపూత పోతే చిలుము ఇంకా త్వరగా పడుతుంది. బిగించే చక్రాన్ని ముహూర్తానికి ముందు ఒకసారి, భోజనాల వేళ ఒకసారి వేళ్లతో బిగించండి. పటకారు పెట్టి తిప్పితే మర పోతుంది, అది పోయేది కెమెరా అడుగున.

బ్యాటరీల మీద కెనాన్ గుర్తు ఉందా అని తెర మీద అడుగుతుంటే అది వేరే సంగతి. బ్యాటరీలోని చిప్‌తో కెమెరాకు మాట కుదరడం లేదన్నమాట. ఒరిజినల్ కాని బ్యాటరీలు, డేటా పిన్ను సరిగా తగలని గ్రిప్‌లు ఈ సందేశాన్ని తెప్పిస్తాయి. ముందుకు వెళ్లనిస్తుంది కానీ మిగిలిన చార్జింగ్ శాతాన్ని నమ్మలేం. ఇంకొకటి: కార్డు లైటు ఎర్రగా వెలుగుతుండగా ట్రే లాగకండి. అప్పుడు రాస్తున్న ఫొటోలు పోతాయి, ఒక్కోసారి కార్డు మొత్తం చెడుతుంది. 80డీకి ఉన్నది ఒక్కటే కార్డు గది కదా, రెండో కాపీ ఉండదు.

ప్రశ్న: పాత బ్యాటరీ ఒకటి, కొత్తది ఒకటి కలిపి పెట్టొచ్చా? ఏది ముందు ఖర్చవుతుంది? (మధురవాడ)

జవాబు: పెట్టొచ్చు, కానీ లెక్క తప్పుతుంది. కెనాన్ గ్రిప్‌లలో వోల్టేజీ ఎక్కువున్నది ముందు వాడకంలోకి వస్తుంది. రెండూ సమానమయ్యాక రెండింటి నుంచీ కరెంటు వెళ్తుంది. అందుకని అలిసిపోయిన పాతది కొత్తదానికి సాయం చేయదు, చివర్లో కలిసి కూలబడుతుంది. మెనూలో బ్యాటరీ సమాచారం తెరవండి. రీచార్జ్ సామర్థ్యం చూపే గీతలు ఎర్రగా ఉంటే ఆ బ్యాటరీ మార్చే వేళయింది. రెండింటినీ ఒకేసారి కొని, వెనుక తేదీ రాసి, జంటగానే చార్జ్ చేస్తే మేలు.

నికాన్‌లో దారి వేరు. డీ750కి దాని గ్రిప్ ఎంబీ-డీ16 పెడితే కెమెరాలోని బ్యాటరీ అక్కడే ఉంటుంది, గ్రిప్‌లో ఇంకొకటి చేరుతుంది. అడుగున కాంటాక్టులను కప్పే చిన్న రబ్బరు మూత తీసి గ్రిప్‌లో దానికున్న గూట్లో దాచాలి. ఏది ముందు వాడాలో మెనూలో మీరే చెప్పొచ్చు. గ్రిప్‌లోది ముందు పెట్టుకోండి. అది అయిపోయినా, ట్రే తీసి మార్చుతున్నా కెమెరా ఆగదు.

ప్రశ్న: అత్యవసరానికి ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే సరిపోతుందా? (ఎంవీపీ కాలనీ)

జవాబు: కిరాణా కొట్లో దొరికే మామూలు జింక్ సెల్స్ అయితే వద్దు. ఆల్కలైన్ సెల్ ఒక్కోటి 1.5 వోల్టులు, ఆరు కలిస్తే 9. చార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2, ఆరు కలిస్తే 7.2. అంకె చూస్తే ఆల్కలైన్‌దే పైచేయి అనిపిస్తుంది. కానీ అద్దం లేచి షట్టర్ పడే క్షణంలో కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. లోపలి నిరోధం ఎక్కువున్న ఆల్కలైన్ సెల్ అప్పుడు జారిపోతుంది. నికెల్ సెల్ నిలబడుతుంది. నికాన్ అయితే ఏ రకం సెల్స్ వేశారో మెనూలో తప్పక చెప్పాలి, లేకపోతే చార్జింగ్ గుర్తు అబద్ధం చెబుతుంది. శీతాకాలం తెల్లవారుజామున లంబసింగి మంచుకు వెళ్తే ఆల్కలైన్ ఇంకా ముందే చేతులెత్తేస్తుంది. చలిలో వాడే అదనపు బ్యాటరీని చొక్కా లోపలి జేబులో ఉంచండి.

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో నేవీ డే విన్యాసాలప్పుడు హెలికాప్టర్లు తీయాలి. గ్రిప్ పెడితే సెకనుకు వచ్చే ఫొటోలు పెరుగుతాయంటున్నారు. నిజమేనా? (పెదవాల్తేరు)

జవాబు: కొన్ని నికాన్‌లలో మాత్రమే. డీ700 మామూలుగా సెకనుకు 5, దాని గ్రిప్ ఎంబీ-డీ10లో తగిన బ్యాటరీ పెడితే 8. డీ850 మామూలుగా 7, దాని గ్రిప్ ఎంబీ-డీ18లో ఈఎన్-ఈఎల్18బీ అనే పెద్ద బ్యాటరీ పెడితే 9. గ్రిప్‌లో కూడా కెమెరాలో వాడే మామూలు ఈఎన్-ఈఎల్15 బ్యాటరీయే వేస్తే వేగం పెరగదు, చాలామంది డబ్బు పోసి నిరాశపడేది ఇక్కడే. పెద్ద బ్యాటరీకి వేరే మూత, వేరే చార్జర్ కూడా కొనాలి. డీ750, డీ7200, డీ500లకు గ్రిప్‌తో వేగం మారదు. కెనాన్ 70డీ, 80డీలకూ అంతే. అయినా 70-200 లాంటి బరువైన లెన్సుతో గంటసేపు ఆకాశంలోకి చూసేటప్పుడు చేతికి నిండుగా పట్టు దొరకడం తక్కువ లాభమేమీ కాదు.

ప్రశ్న: నికాన్ డీ5600కి ఏ గ్రిప్ కొనాలి? (అనకాపల్లి)

జవాబు: దానికి నికాన్ గ్రిప్ చేయలేదు. డీ3000, డీ5000 వరుసల్లో దేనికీ లేదు. వేరే కంపెనీలవి దొరుకుతాయి. అడుగున కాంటాక్టులు లేవు కాబట్టి, నిలువు షట్టర్ బటన్ పనిచేయడానికి చిన్న వైరును పక్కనున్న రిమోట్ సాకెట్‌లో పెట్టాలి. ఆ వైరుకు చేయి తగిలి ఊడుతుంటుంది. మా మాట వింటే ఆ డబ్బుతో మంచి బ్యాటరీలు రెండు కొనండి.

ప్రశ్న: కైలాసగిరి మీది నుంచి గ్రిప్ ఉన్న కెమెరాతో రాత్రి నగరం తీస్తే, ట్రైపాడ్ ఉన్నా ఫొటో కదిలినట్టు వస్తోంది. (ఇసుకతోట)

జవాబు: గ్రిప్ తీసేయండి. కెమెరా, గ్రిప్, ట్రైపాడ్ ప్లేటు అని మూడు అంతస్తులు కడితే మధ్యది కొండగాలికి ఊగుతుంది. కెనాన్ అయితే తీశాక బ్యాటరీ మూత మళ్లీ పెట్టాలి. దాని గూడు గ్రిప్ మెడ మీదే ఉంటుంది, అక్కడ ఉంచే అలవాటు లేక పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: భీమిలిలో ఇల్లు, సముద్రం పక్కనే. గ్రిప్ పిన్నుల మీద పచ్చగా ఏదో పడుతోంది. (భీమునిపట్నం)

జవాబు: ఉప్పుగాలికి పట్టిన చిలుము. గ్రిప్‌ను కెమెరాకు నెలల తరబడి అలాగే బిగించి ఉంచడం వల్ల అతుకులో చెమ్మ నిలుస్తుంది. బీచ్ నుంచి రాగానే విడదీసి, ఆరిన మెత్తని గుడ్డతో తుడిచి, సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో విడివిడిగా పెట్టండి. వారానికి మించి వాడకపోతే బ్యాటరీలు గ్రిప్‌లోంచి తీసేయాలి. కొన్ని గ్రిప్‌లు స్విచ్ ఆపినా కొద్దికొద్దిగా చార్జింగ్ తాగుతూనే ఉంటాయి. పెన్సిల్ సెల్స్ అయితే కారి ట్రేనే పాడుచేస్తాయి.

ప్రశ్న: కొత్త గ్రిప్. అన్నీ పనిచేస్తున్నాయి, నిలువుగా పట్టుకుంటే షట్టర్ బటన్ మాత్రం పలకడం లేదు. (అక్కయ్యపాలెం)

జవాబు: ఆ బటన్ దగ్గరే చిన్న మీట ఉంటుంది, కెనాన్‌లో ఆన్-ఆఫ్, నికాన్‌లో లాక్. తిప్పండి.