తాతల నాటి చెక్కడాల సందుగ ఎవరు చేశారో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది నల్లగొండ దగ్గరి ఊళ్లో, ఇంట్లో ఉన్న టేకు సందుగ గురించి. పేరు మాత్రం దొరకడం కష్టం. ఊరి వడ్లాయన నాగళ్లు, బండ్లు, తలుపులు అన్నీ చేసేవాడు, కూలి చాలావరకు కల్లం దగ్గర గింజల రూపంలో ముట్టేది. పని మీద పేరు చెక్కే అలవాటు లేదు. ఎవరింట్లో ఏం చేశాడో ఊరందరికీ తెలుసు, ఇక పేరెందుకు?

వయసు మాత్రం కొంత పట్టుకోవచ్చు. ముందువైపు చెక్కిన నెమళ్లు, తీగలు చూసి మోసపోకండి, వాటిని ఇప్పుడూ చెక్కుతారు. సందుగను తిప్పి వెనక, అడుగున చూడండి. చేతి రంపం గీతలు ఇంచుమించు తిన్నగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి మిషన్ రంపమైతే వంపు గీతలు పడతాయి. చెక్క మేకులుంటే కాలక్రమంలో చుట్టూ చెక్క కుంచించుకుపోయి అవి కొంచెం పైకి తేలతాయి. ప్లస్ గుర్తు స్క్రూ కనిపిస్తే ఆ స్క్రూ 1930లకు ముందుది కాదు. తర్వాత రిపేరుకు కొట్టిందైనా కావచ్చు, ఒక్క స్క్రూతో తేల్చేయకండి.

పాలిష్ మాత్రం గీకించొద్దు, పాత ఆనవాళ్లన్నీ పోతాయి. ఊళ్లో పాత వడ్ల కుటుంబం ఉంటే ఫోటో చూపించండి. ఆ చెక్కడం ఎవరి చేతిదో ముసలివాళ్లు గుర్తుపట్టినా పట్టొచ్చు.