ఆటలో హ్యాక్ వాడితే కేసు అవుతుందా?

ప్రశ్న: నా వయసు 19. డిగ్రీ చదువుతున్నాను. మొబైల్‌లో నలుగురం జట్టుగా షూటింగ్ గేమ్ ఆడతాం. గోడ వెనుక ఉన్నవాళ్లు కూడా కనిపించే ‘ఈఎస్‌పీ’ హ్యాక్‌తో మాడ్ ఏపీకేను (మార్పులు చేసిన యాప్ ఫైలును) టెలిగ్రామ్‌లో 400 రూపాయలకు ఇస్తామంటున్నారు. ఎదుటి జట్లు వాడుతున్నాయన్న అనుమానంతో నాకూ కొనాలనిపిస్తోంది. వచ్చే నెల మా కాలేజీ ఫెస్ట్‌లో ఇదే ఆటకు 20 వేల రూపాయల బహుమతి పెట్టారు. పట్టుబడితే ఐడీ బ్యాన్‌తో పోతుందా, పోలీసు కేసు అవుతుందా?
- ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: హ్యాక్‌లు తయారుచేసి పంచేవారిని శిక్షించే ప్రత్యేక నిబంధన దక్షిణ కొరియాలో ఉంది కానీ, ఆటలో మోసాన్ని విడిగా నేరంగా పేర్కొన్న సెక్షన్ మన చట్టాల్లో లేదు. అలాగని మీరు నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు.

ఆట మొదట్లో ఎవరూ చదవకుండానే ఒప్పుకునే షరతులు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మేజరైన మీకు వర్తించే ఒప్పందమే. హ్యాక్ వాడినవారి ఐడీని శాశ్వతంగా మూసివేసే హక్కును సంస్థలు సాధారణంగా అందులోనే రాసుకుంటాయి కనుక, కొన్న స్కిన్‌లు (ఆటలో పాత్రలకు, ఆయుధాలకు వేసే అలంకరణలు) పోయాయని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లినా మీ వాదన నిలవడం కష్టం.

అసలు చిక్కు మాడ్ ఏపీకేతో వస్తుంది. అది హక్కుదారు అనుమతి లేకుండా మార్చిన ప్రోగ్రాము. అక్రమ ప్రతి అని తెలిసీ వాడినవారికి కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. లాభం కోసం కాకుండా వాడిన సందర్భంలో, ప్రత్యేక కారణాలను తీర్పులో పేర్కొని, జైలు లేకుండా 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. సరదాగా ఆడుకునే విద్యార్థి మీద సంస్థలు ఇంతదూరం వస్తాయని నేననుకోను. అమ్మేవాడి సంగతి వేరు. అతని దగ్గర కొని స్నేహితులకు అమ్మితే మీరూ ఆ వరుసలోకే చేరతారు.

కాలేజీ పోటీ విషయంలో నాకు సందేహం లేదు. నిబంధనల ప్రకారమే ఆడుతున్నట్టు నిర్వాహకులను నమ్మించి బహుమతి సొమ్ము తీసుకుంటే, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం కేసు పెట్టవచ్చు. గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. సొమ్ము తిరిగి ఇచ్చేసినంత మాత్రాన ఆ కేసు రద్దు కాదు. నిర్వాహకులు రాజీకి ఒప్పుకున్నా కోర్టు అనుమతి కావాలి. అవతలివాళ్లూ వాడారన్నది అక్కడ పనికొచ్చే వాదన కాదు. అనుమానం ఉంటే ఆ మ్యాచ్‌లను స్క్రీన్ రికార్డు చేసి, పోటీకి ముందే ఫోన్లు తనిఖీ చేయమని నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇవ్వండి.

మీ జట్టులో ఎవరైనా ఇప్పటికే అలాంటి ఏపీకే వేసుకుని ఉంటే, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి దానికి ఇచ్చారేమో చూడమనండి. ఓటీపీలు కాజేసి ఖాతా ఖాళీ చేసే మార్గాల్లో అదొకటి. డబ్బు పోయినట్టు తెలియగానే, హ్యాక్ సంగతి బయటపడుతుందన్న భయంతో ఆగకుండా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాలి.